బ్రాడ్‌వేకి వెళ్లాల్సిన కోటు

మా ఫెలోషిప్‌లో ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర పిల్లలు చుట్టూ చేరి, "ఆంటీ, రిటైర్ అవకముందు మీ జాబ్ ఏంటి?" అని అడుగుతుంటారు. వాళ్ల అమ్మలు చాలామంది నర్సులు. నాన్నల్లో కొందరు రోజూ రీడింగ్ అనే ఊరి దాకా కారు తోలుకుంటూ వెళ్లే సాఫ్ట్‌వేర్ వాళ్లు. వాళ్ల లెక్కలో ఉద్యోగమంటే ఆ రెండే. థియేటర్‌లో పనిచేశానంటే ఆపరేషన్ థియేటర్ అనుకుంటారు. కాదర్రా, నాటకాలాడే థియేటర్ అంటే కళ్లు పెద్దవి చేసి, "యు వర్ యాన్ యాక్ట్రెస్?" అంటారు. అదీ కాదు. నేను నటుల బట్టలు ఉతికాను, ఇస్త్రీ చేశాను, ఊడిన గుండీలు కుట్టాను. పదకొండేళ్లు అదే పని.

ఆ పదకొండేళ్లలో చాలా రోజులు చెప్పుకోవడానికేమీ లేనివి. ఒక్క వారం మాత్రం ఇవాళ జరిగినట్టుంది. మీలో ఎవరైనా డ్యూటీలో ఘోరమైన తప్పు చేసి, టాయిలెట్‌లో గడియ పెట్టుకుని ఏడ్చి ఉంటే, ఇది ముఖ్యంగా మీ కోసం.

ఇంగ్లండ్‌లో ఈ నార్తాంప్టన్ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఒకప్పుడు బూట్లు కుట్టిన ఊళ్లు. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీల్లో చాలావరకు ఫ్లాట్లయ్యాయి. మా ఆయనకు కేర్ హోమ్‌లో నర్సు ఉద్యోగం వస్తే ఆయన వెంట నేనూ వచ్చాను. గుంటూరు మిషన్ కాంపౌండులో నేర్చుకున్న కుట్టుపని తప్ప నా చేతిలో మరో విద్య లేదు. రెండువేల ఎనిమిదిలో పక్క ఊరి థియేటర్‌లో బట్టల విభాగంలో మనిషి కావాలంటే వెళ్లాను. అక్కడి హెడ్ నా చేతికి చిరిగిన చొక్కా ఒకటిచ్చి, టీ తాగొస్తానని వెళ్లిపోయింది. తిరిగొచ్చాక చిరుగు ఎక్కడుందో చాలాసేపు వెతికింది. దొరకలేదు. సోమవారం నుంచి రమ్మంది.

మా హెడ్ ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ మనిషి. నోట్లో ఎప్పుడూ నాలుగైదు గుండుసూదులు ఉండేవి. వాటిని తీయకుండానే మాట్లాడేది. అయినా ప్రతి మాటా స్పష్టంగా అర్థమయ్యేది, తిట్లతో సహా. ఆవిడ సూదులు నోట్లోంచి తీసిందంటే మాత్రం పెద్ద గొడవే అని మాకందరికీ తెలుసు.

నాటకాల బట్టల్లో ఉతకకూడనివి చాలా ఉంటాయి. పూసలు కుట్టినవి, నీళ్లు తగిలితే చిరిగిపోయేవి, కావాలని మురికి పట్టించినవి. వారానికి ఎనిమిది ఆటలు, పైన దీపాల వేడి, లోపల చెమట. వాటి వాసన పోవాలంటే థియేటర్ వాళ్ల దగ్గర ఒకటే చిట్కా. చవకరకం వోడ్కాలో కాసిని నీళ్లు కలిపి, స్ప్రే సీసాలో పోసి, కాలర్ దగ్గరా చంకల దగ్గరా కొట్టి ఆరబెట్టడం. మరక పడదు, వాసన మిగలదు. నేనేమో సండే స్కూల్లో మద్యం ముట్టనని చెయ్యెత్తి ప్రమాణం చేసినదాన్ని. మొదటి రోజు ఆ సీసా పట్టుకుని దేవుణ్ణి క్షమాపణ అడిగాను. నేను తాగడం లేదు కదా ప్రభువా, చొక్కాతో తాగిస్తున్నాను అని సర్దిచెప్పుకున్నాను. అయిదేళ్లకు పైగా ఆ సర్దుబాటుతోనే గడిచాయి.

ఆరో ఏడు ఒక శనివారం, స్టాకు అయిపోయిందని హెడ్ నన్ను ఆరు సీసాలు కొనుక్కురమ్మంది. సూపర్‌మార్కెట్‌లో డబ్బు కట్టే మిషన్ దగ్గర సీసా పెట్టగానే ఎర్రలైటు వెలిగింది. వయసు చూడ్డానికి మనిషి రావాలట. ఆ లైటు కింద ఆరు సీసాలతో నిలబడి ఉండగా వెనక ఎవరో దగ్గారు. చూద్దును కదా, మా పాస్టరమ్మగారు. చేతిలో పెరుగు డబ్బా.

"వందనాలమ్మగారూ," అన్నాను.

ఆవిడ నా బుట్టలోకి చూసింది. నా మొహంలోకి చూసింది. మళ్లీ బుట్టలోకి చూసింది.

"ఏందమ్మా ఇది?"

"మా థియేటర్‌కండీ. బట్టలకి."

"బట్టలకా?"

"అవునండీ. స్ప్రే కొడతాం. వాసన పోద్ది."

"ఆరు సీసాలా?" అంది మెల్లగా. నా భుజం మీద చెయ్యేసింది. "సిస్టర్, ఇంట్లో ఏమన్నా ఇబ్బందుంటే నాకు చెప్పు. దాచుకోమాక. బ్రదర్ బాగానే ఉంటున్నాడా?"

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. నేనైతే పాలు కూడా కాదు, కల్లుకుండలు మోస్తూనే దొరికాను. మరుసటి ఆదివారం ప్రార్థన విన్నపాల్లో "తాగుడు వల్ల నలిగిపోతున్న ఒక కుటుంబం కోసం" అని వినబడింది. అందరి తలలూ ఒక్కసారిగా మా ఆయన వైపు తిరిగాయి. పాపం, ఆ మనిషి కాఫీ కూడా తాగడు.

కారెక్కాక, "ఇరవై ఏళ్లు కాపాడుకున్న పరువు, సూపర్‌మార్కెట్‌లో తీసేశావు గదే," అన్నాడు.

ఆ సాయంత్రమే పాస్టరమ్మగారింటికి వెళ్లి అంతా చెప్పాను. ఆవిడ నమ్మింది, నవ్వింది కూడా. అయినా నాకు రోషం వచ్చి, ఇక ఆ సీసా ముట్టనని మాటిచ్చి వచ్చాను. ఎవరూ అడగని మాట అది. మా హెడ్‌కి చెబితే ఒక్క క్షణం ఆలోచించి, "సరే, సీసా నాది, ఇస్త్రీ నీది," అంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బ్రాడ్‌వే సంగతి బయటికొచ్చింది.

నేను చేరకముందు మా థియేటర్ చిన్న హాల్లో ఒక నాటకం ఆడారు. బూట్ల ఫ్యాక్టరీ మూతపడే ఆఖరి రోజు కథ. నలభై ఏళ్లు తోలు కోసిన తండ్రి, అదే ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తూ మూసివేత కాగితాలు టైపు చేసిన కూతురు. ఇద్దరే మనుషులు, ఒకటే రోజు. రాసిందీ, ఆడించిందీ ఈ జిల్లా అమ్మాయే. ఆ చిన్న హాల్లోంచి అది లండన్ వెళ్లింది, బహుమతులు తెచ్చుకుంది, పిల్లల పరీక్షల సిలబస్‌లోకి ఎక్కింది. న్యూయార్క్‌లో కూడా వేరే నటులతో ఒకసారి ఆడారు. ఇప్పుడు దాన్ని మళ్లీ, పెద్ద ఎత్తున, న్యూయార్క్ పెద్ద థియేటర్ల వీధి బ్రాడ్‌వేలో ఆడిస్తామని అక్కడి నిర్మాతలు అడిగారు. ఈసారి మొదటిసారి తండ్రి వేషం వేసిన ముసలాయనే వేయాలన్నారు. మూడు వారాలు మా దగ్గర రిహార్సల్, ఆ తర్వాత సామానంతా పెట్టెల్లో న్యూయార్క్‌కి.

ఆ మూడు వారాలు మా థియేటర్ పెళ్లివారిల్లే. క్యాంటీన్‌లో గోడకు న్యూయార్క్ మ్యాపు అంటించారు. ఎన్నడూ ఊరు దాటని వడ్రంగి పాస్‌పోర్టు ఫొటో తీయించుకుని, అందులో తను దొంగలా ఉన్నానని అందరికీ చూపించాడు. బస్సులో డ్రైవరు, నా మెడలో థియేటర్ కార్డు చూసి, "మనవాళ్లు బ్రాడ్‌వేకి వెళ్తున్నారటగా?" అని అడిగాడు. మా అమ్మాయి రోజూ, "మమ్మీ, ఆర్ యు గోయింగ్?" అని ప్రాణం తీసేది. నేను వెళ్లడం లేదు. అక్కడి బట్టలు అక్కడి కార్మిక యూనియన్ వాళ్లే చూసుకోవాలట. అయినా నా ఉత్సాహానికి తక్కువేమీ లేదు. నేను కుట్టిన గుండీ న్యూయార్క్‌లో దీపాల కింద మెరుస్తుందంటే, నేను వెళ్లినట్టే కదా అనుకునేదాన్ని. ఇస్త్రీ చేస్తూ పాటలు పాడుతున్నానని హెడ్ రెండుసార్లు కసిరింది.

అయితే అంతా ఆ ముసలాయన మీద ఆధారపడి ఉంది. ఆయనకు డెబ్బై దాటాయి. ఈ ఊళ్లో పుట్టినవాడే. ఈ వైపు పాతవాళ్లు ఎవరినైనా "డక్" అని పిలుస్తారు, మనం అమ్మాయ్, అబ్బాయ్ అన్నట్టు. ఆయన నన్నూ అలాగే పిలిచేవాడు. న్యూయార్క్ వాళ్లు అడిగితే రెండుసార్లు రానన్నాడు. ఈ వయసులో అంత దూరం, అన్ని ఆటలు నా వల్ల కాదన్నాడు. మూడోసారి ఒక మెట్టు దిగాడు. రిహార్సల్ ఆఖరి గురువారం మధ్యాహ్నం నిర్మాతల ముందు నాటకం మొత్తం ఆడి చూపిస్తాం కదా, అది అయ్యాక వస్తానో రానో చెబుతానన్నాడు. ఆయన రాకపోతే నాటకమే వద్దని న్యూయార్క్ వాళ్లు ముందే తేల్చేశారు.

ఆయన పెట్టిన షరతు ఒక్కటే. తన కోటు తనతో రావాలి.

ఆ కోటు మేం తయారుచేసింది కాదు. అది ఆయన తండ్రిది. తండ్రి నిజంగానే తోలు కోసే పనివాడు. మోకాళ్ల దాకా వచ్చే గోధుమరంగు నూలు కోటు. గోధుమరంగు అని నేను చెప్పడమే గానీ, చూస్తే మాత్రం ఏ రంగో తెలిసేది కాదు. తోలు పొడి, మైనం, జిగురు కలిసి అట్టలాగా బిగిసిపోయి ఉండేది. కుడి జేబు అంచున, రోజూ చెయ్యి పెట్టిన చోట, నల్లగా అరచేతి మరక. "ఇది తొడుక్కుంటే మా నాన్న నడక దానంతటదే వస్తుంది, డక్. ఇది లేకపోతే నేనొక ముసలి నటుణ్ణి, అంతే," అన్నాడు నాతో ఒకసారి. దాని హ్యాంగర్‌కి ఎర్ర చీటీ కట్టి ఉండేది. ఉతకరాదు.

ఆ వారం మంగళవారం మా హెడ్, నాటకంలో కూతురి పాత్రకు బూట్లు తేవడానికి లండన్ వెళ్లింది. నా బల్ల మీద కాగితం పెట్టింది. "కోటు కాలర్ వాసనొస్తోంది. స్ప్రే కొట్టు. ఈ ఒక్కసారికి నీ దేవుడేమీ అనుకోడు."

సీసా చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ అలమారలో పెట్టేశాను. ఇచ్చిన మాట నెల కూడా నిలబెట్టుకోలేనా అనిపించింది. కాలరే కదా, చల్లటి నీళ్లలో చుక్క సబ్బేసి, తెల్లగుడ్డ తడిపి పైపైన అద్దితే ఆ మాత్రం వాసన పోదా అనుకున్నాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోవడం అప్పుడు మొదలైంది.

అద్దిన చోట అరచేతి మేర అసలు రంగు తేలింది. మిగతా కోటంతా అలాగే ఉంది. చూడ్డానికి పాతగోడకు ఒక్కచోట సున్నం కొట్టినట్టుంది. తేడా తెలియకుండా చుట్టూ ఇంకొంచెం అద్దాను. అది భుజం దాకా పాకింది. ఒక భుజం తేలాక రెండోది వదిలేస్తే బాగుండదని అదీ అద్దాను. ఇక్కడ ఒక నిజం చెప్పాలి, ఇది మా హెడ్‌కి కూడా చెప్పలేదు. ఒక దశ దాటాక అది పొరపాటు కాదు. మురికి వదులుతుంటే నా చేతులకు సంతోషం వేసింది. మా అమ్మ ఊరెళ్లే పెట్టెలో ఉతకని బట్ట పెట్టనిచ్చేది కాదు. పక్కూరికి వెళ్తున్నా సరే, ఉతికి గంజి పెట్టాల్సిందే. ఇది అమెరికా వెళ్లే కోటు. నా చేతులు నన్నడగకుండానే దాన్ని తొట్టిలో ముంచాయి.

నీళ్లు టీ డికాక్షన్ రంగుకి, ఆ తర్వాత తారు రంగుకి మారాయి. జేబు అంచున చేతిమరక కోసం చూశాను. లేదు. అప్పుడు నాకు తెలివొచ్చింది. ఆ తొట్టిలో ఉన్నది మురికి కాదు, ఆ ముసలాయన తండ్రి నలభై ఏళ్ల పని. నేను బిరడా తీసి దాన్ని తూములోకి వదిలేశాను. టాయిలెట్‌లోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను.

అయిదింటికి మా హెడ్ వచ్చింది. హ్యాంగర్‌కి కోటు వేలాడుతోంది, నీళ్లు కారుతూ, ఆదివారం చర్చికి తయారైనట్టు. ఆవిడ చాలాసేపు చూసింది. నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది.

"వోడ్కా సీసా ఎక్కడుంది?"

"అలమారలోనే ఉంది."

"ముట్టుకోలేదా?"

"లేదు."

"ముట్టుకోవాల్సింది," అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. "రెండు రోజులున్నాయి మనకు. చిక్కటి టీ, గరుకు కాగితం, బూటు పాలిష్, మైనం. బట్టల్ని పాతవి చేయడం మన పనే కదా. నలభై ఏళ్లను నేను రెండు రోజుల్లో తెప్పిస్తాను. ఆయనకు తెలియదు. చెప్పొద్దు."

నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే కెటిల్ పెట్టాను. పెద్ద గిన్నెలో టీ పొడి వేశాను. మోచేతుల దగ్గర బట్ట ఎంత పలచబడిందో చూద్దామని కోటును కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. ఎడమ మోచేతి మీద రూపాయి బిళ్ళంత మేర వేలికి గట్టిగా తగిలింది. వెలుతురుకు పెట్టి చూస్తే, రఫ్ఫు. చిరిగిన చోట దారాన్ని నిలువుగా, అడ్డంగా, నేత నేసినట్టు నేసి పూడ్చారు. దారం రంగు అసలు బట్టకన్నా ఒక్క పిసరు లేత. ఇన్నేళ్లూ మురికి కింద ఉండటంతో ఎవరికీ కనబడలేదు. నేను యాభై ఏళ్లుగా సూది పట్టుకుంటున్నాను, అంత ఓపికగల చెయ్యి అప్పటిదాకా చూడలేదు.

"దీని మీద టీ పొయ్యలేను. ఆయనకు చెప్పేస్తాను," అన్నాను.

హెడ్ దగ్గరికొచ్చి చూసింది. తనూ కుట్టే మనిషే. వెంటనే అర్థమైంది.

"చెబితే ఆయన వెళ్లడు," అంది. "ఆయన వెళ్లకపోతే ఎవరూ వెళ్లరు. నాటకమే వెళ్లదు. తెలుసుగా?"

"తెలుసు."

"నీ ఉద్యోగం కూడా ఉండకపోవచ్చు."

"అదీ తెలుసు."

ఆవిడ వెళ్లి కెటిల్ ఆపేసింది.

బుధవారం ముసలాయనకు సెలవు. ఆ ఒక్క రోజు నాకు ఒక వారంలా గడిచింది. క్యాంటీన్‌లో వడ్రంగి తన కొత్త సూట్‌కేస్ గురించి చెబుతుంటే అన్నం డబ్బా మూత పెట్టేసి లేచొచ్చాను. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. రోగుల దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. నేను ఏడుస్తుంటే టవల్ తెచ్చిచ్చాడు. ఆఖర్న, "మా వార్డులో తప్పు మందు ఇచ్చినోళ్లని చూశా, ఇచ్చి దాచినోళ్లని చూశా. మొదటోళ్లకి నిద్ర పడతది," అన్నాడు. అంతకన్నా ఇప్పుడు నేను మీకు చెప్పగలిగిందేమీ లేదు.

గురువారం పదింటికి ముసలాయన మేకప్ గదికి వెళ్లాను. కోటు నా చేతుల మీద ఉంది. ఆయన అద్దంలో నన్ను చూసి పలకరించబోయి, కోటు చూసి ఆగిపోయాడు.

అంతా చెప్పాను. వోడ్కా, సూపర్‌మార్కెట్, పాస్టరమ్మగారు, నేనిచ్చిన మాట, కాలరు, భుజం, తొట్టి. నా ఇంగ్లీషు మామూలుగా బాగానే ఉంటుంది, ఆ రోజు ముక్కలుముక్కలుగా వచ్చింది. మా హెడ్ మళ్లీ పాతది చేస్తానందని, నేనే వద్దన్నానని కూడా చెప్పాను. ఆయన కోటు తీసుకుని కాలర్ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. జేబు అంచు తడిమాడు.

"పోయింది," అన్నాడు.

"పోయింది," అన్నాను.

"కాసేపు నన్ను వదిలెయ్, డక్."

పదకొండింటికి రచయిత్రికి తెలిసింది. బట్టల గదిలోకొచ్చి నన్ను, నా పనిని, నా మతాన్ని కలిపి నాలుగు మాటలు అంది. పడాల్సినవే, పడ్డాను. పన్నెండింటికి న్యూయార్క్ వాళ్లు నలుగురు దిగారు. కింద హాల్లో సాండ్‌విచ్‌లు తింటూ, మా ఊరు ఎంత ముద్దుగా ఉందో చెప్పుకుంటున్నారు. రెండింటికి నాటకం. ఆయన గది తలుపు తెరుచుకోలేదు. ఎవరు తట్టినా పలకలేదు. నేను ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి, ఇస్త్రీ చేయడానికేమీ లేక, బల్లకే ఇస్త్రీ చేశాను.

ఒకటిన్నరకు నన్ను రమ్మని కబురొచ్చింది.

ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. కోటు ఎడమ చెయ్యి వెలుతురుకు పరిచి ఉంది.

"ఇవి నీ కుట్లా?"

"కాదండీ. పాతవి. చాలా పాతవి. మిషన్ కాదు, చేత్తో కుట్టినవి. నేను ఉతికాకే కనబడ్డాయి."

"మా అమ్మ," అన్నాడు. కోటు చేతిని కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిపాడు.

"ప్రతి శనివారం ఈ కోటు కోసం ఇంట్లో యుద్ధం జరిగేది. ఉతుకుతా ఇమ్మని ఆవిడ, ఇవ్వనని ఈయన. శుభ్రమైన కోటు వేసుకెళ్తే నిన్న చేరిన కుర్రాడనుకుంటారు, మురికే మా మెడల్ అనేవాడు. పోయేదాకా ఇవ్వలేదు. ఆవిడ ఓడిపోయిందనే నేను అనుకుంటూ వచ్చాను, ఇన్నేళ్లూ." బొటనవేలితో ఆ కుట్లను నిమిరాడు. "ఎప్పుడు కుట్టిందో. ఆయన నిద్రపోయాక కుట్టి ఉంటుంది."

నేను కోటు అంచు కిందికి జారకుండా పట్టుకున్నాను.

"ఇందాక చెప్పావే, ఆ సీసా ముట్టనని," అన్నాడు. "మా అమ్మ చాపెల్ మనిషి, అంటే మద్యం ముట్టని చర్చి వాళ్లు. తనూ నీలాగే ప్రమాణం చేసింది. కేకులో బ్రాందీ ఉందేమోనని మా మేనత్త ఇంట్లో క్రిస్మస్ కేకు కూడా తినేది కాదు." ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు. "ఆవిడకు దక్కని కోటు ఆఖరికి నీకు దక్కింది, డక్!"

నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ కలిపే కానిచ్చాను.

"ఇస్త్రీ చేసిపెట్టు," అన్నాడు కోటు చేతికిస్తూ. "చాపెల్‌కి వెళ్లే చొక్కాకి చేస్తారే, అలాగ."

నా జీవితంలో ఎన్నో వేల బట్టలు ఇస్త్రీ చేసి ఉంటాను. అలాంటి ఇస్త్రీ మళ్లీ చేయలేదు.

అయితే అసలు గండం ఇంకా అలాగే ఉంది. నాటకం మొదట్లోనే తండ్రి ఫ్యాక్టరీలోకి వస్తాడు. కూతురు ఆ కోటు చూసి, "ఇవాళైనా దాన్ని ఉతకనివ్వకూడదా నాన్నా?" అంటుంది. ప్రేక్షకులు పెద్దగా నవ్వే చోటు అది. స్కూలు పిల్లలకు కూడా నోటికొచ్చిన మాట. ఇప్పుడు కోటు కడిగిన ముత్యంలా ఉంది. మార్చడానికి వ్యవధి లేదు. రచయిత్రి హాలు చివరి వరసలో తల పట్టుకుని కూర్చుంది. నేను తెర పక్కన చీకట్లో హెడ్ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

ఆయన వచ్చాడు. రోజూ వచ్చే ఆ వంగిన నడక కాదు. కొత్తబట్టలు తొడిగిన పిల్లాడిలా నిటారుగా, చేతులు ఒంటికి తగలకుండా నడిచాడు. కూతురు వేషం వేసిన అమ్మాయి నోరు తెరిచింది. ఆ మాట అనబోయి ఆగిపోయింది. దగ్గరికి నడిచింది. చెయ్యి చాపి ఆయన భుజం మీద ఇస్త్రీ మడతను వేలితో తాకింది. ఆ వేలు కిందికి జారి, మోచేతి కుట్ల దగ్గర ఆగింది. ఏమీ అనలేదు. రేపటి నుంచి ఉండని పనికి ఆ మనిషి ఉతికిన కోటు వేసుకుని వచ్చాడు. చెప్పాల్సిందంతా అక్కడే ఉంది.

న్యూయార్క్ వాళ్లలో ఒకావిడ ముందుకు వంగి కూర్చుంది. నాటకం అయ్యేదాకా వెనక్కి వాలలేదు. చివరి వరసలో రచయిత్రి పెన్సిల్ తీసి తన కాగితాల్లో ఒక గీత గీయడం నాకు దూరం నుంచే కనబడింది. అంత పేరున్న నాటకంలో ఒక వాక్యం కొట్టేయించిన ఘనత ఎంతమంది చాకలిపని వాళ్లకు దక్కుతుంది? ఆ తర్వాత ఆవిడ ఎన్నో ఇంటర్వ్యూల్లో ఆ ఘట్టం రిహార్సల్లో దానంతటదే పుట్టిందని చెప్పింది. అబద్ధమేమీ కాదు. నా పేరు చెప్పి ఉంటే వోడ్కా సంగతి కూడా చెప్పాల్సి వచ్చేది.

నాటకం ముగిసింది. ఉన్నది నలుగురైనా నలభై మంది కొట్టినట్టు చప్పట్లు కొట్టారు. వడ్రంగి, క్యాంటీన్ అమ్మాయి, లైట్ల వాళ్లు, అందరూ తెర పక్కకు చేరుకున్నారు. వస్తానో రానో ఆయన ఇంకా చెప్పలేదు. నిర్మాతలు మెట్లెక్కి వచ్చి, ఆయన ఎదురుగా నిలబడ్డారు. ముందుకు వంగి కూర్చున్న ఆవిడ ఏదో అడగబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపి, వాళ్లను దాటుకుని నా దగ్గరికొచ్చాడు. గుండీలు ఒక్కొక్కటే విప్పి, కోటు తీసి, మడతపెట్టి నా చేతుల్లో పెట్టాడు.

"కుర్రతనంలో నేనక్కడ ఒక నెలున్నాను, డక్," అన్నాడు. "న్యూయార్క్ నీళ్లు మన నీళ్ల లాంటివి కావు. కాస్త సబ్బు వేస్తే చాలు, నురగ తెగ వస్తుంది. తక్కువ వేయమని చీటీ రాసిపెట్టు. ప్రతి సోమవారం ఉతకాలని కూడా రాయి."

నిర్మాత ఆవిడకు అర్థం కాలేదు. మా హెడ్ వైపు తిరిగి, ఆయన ఏమన్నాడని అడిగింది.

"వస్తున్నాడు," అంది మా హెడ్.

వెనక ఎవరో కేక పెట్టారు. వడ్రంగి ఎవరినో ఎత్తి గిరగిరా తిప్పాడు. నేను కోటును గుండెకు హత్తుకుని, అందరినీ తోసుకుంటూ పెన్ను కోసం పరిగెత్తాను.